‘వినుర’లోని ‘ర’ని ఏ భాషలోకి తెద్దాం?

వేమన పద్యాన్ని అనువదించేవాళ్లకి అసలు కష్టం మకుటంలో ఉందని నా అభిప్రాయం. అందులోని ‘వినుర’ చూడండి. బెంగళూరు, కోలారు పక్క మన ఇళ్లల్లో ‘ఇనురా’ అంటాం. ఆ ‘రా’ కొడుకుతోనూ అంటాం, స్నేహితుడితోనూ అంటాం, కోపమొస్తే పరాయివాడితోనూ అంటాం. కన్నడంలో ‘కేళో’, తమిళంలో ‘కేళుడా’ అని దాని దగ్గరికి పోవచ్చు. ఇంగ్లీషులో దానికి చోటే లేదు.

ఇంకో చిక్కు. వినమంటున్నది ఎవరు? వేమన తనకు తానే చెప్పుకుంటున్నాడా? అభిరాముడనే కంసాలి పేరు మకుటంలో నిలిపాడన్న కథని నమ్మాలా? జవాబు పద్యంలో లేదు. అనువాదకుడు ఎవరో ఒకర్ని ఊహించుకోవాల్సిందే.

సి.పి.బ్రౌన్ 1829లో అచ్చేసిన పుస్తకం పేరులోనే నీతి, మతం, వ్యంగ్యం అని మూడు మాటలు పెట్టాడు. ఆ గళ్లు గీసింది బ్రౌనే, వేమన కాదు. 1871లో దక్షిణాది జానపద గీతాల పుస్తకం తెచ్చిన చార్లెస్ గోవర్, పురోహితులకి ఎదురు నిలిచి ఒకే దేవుణ్ణి కొలిచే ద్రావిడ జనం గొంతు కోసం వెతికాడు. వెతికిందే అతనికి దొరికింది.

తెల్లవాళ్లే అలా చేశారనుకోవద్దు. కర్ణాటకలో వేమన అంటే హేమరెడ్డి మల్లమ్మ మరిది. దారి తప్పినవాణ్ణి ఆ వదినే మార్చిందని చెప్పుకుంటారు. ఈ కథ మనసులో పెట్టుకుని చదివితే ‘వినుర’ అన్నది మరిదిని మందలించే వదిన మాటలా నా చెవికి వినబడుతుంది. అక్షరం మారలేదు, మనిషి మారిపోయాడు.

ఊహ లేకుండా అనువాదం నడవదు. ఆ ఊహ ఎంతమేరకో చూసుకునే దారి చదువరికి ఉండాలి, అంతే. బ్యాంకులో నకలు ఎంత శుభ్రంగా ఉన్నా అసలు కాగితంతో సరిచూడనిదే సంతకం పెట్టేవాళ్లం కాదు. బ్రౌన్ ఇంగ్లీషుతో పాటు తెలుగు పద్యమూ అచ్చేశాడు. అందుకే అతనితో ఇవాళా వాదులాడగలుగుతున్నాం.

తెలుగు లిపి రాని మన మనవళ్లకి వేమన ఇంగ్లీషులోనో కన్నడంలోనో అందుతున్నాడు. అర్థం ఆ భాషలోనే చెప్పండి, పర్వాలేదు. పద్యం మాత్రం మన నోటితో, మన యాసలో ఒకసారి వినిపించండి. మీ ఇంట్లో ‘వినురా’నా, ‘ఇనురా’నా, ఇంకేమైనానా? ఊరి పేరుతో కింద రాయండి.