చివరి సర్వో దాకా కరెంటు

2024 మార్చి 18న బాపట్ల జిల్లాలో జాతీయ రహదారి మీదికి వాయుసేన విమానాలు వచ్చాయి. కొరిశపాడు మండలంలో, అద్దంకికి దగ్గరలో, 16వ నంబరు రహదారిని 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు వేసి రన్‌వేగా తీర్చారు. ఆ రోజు సుఖోయ్-30, హాక్ విమానాలు దిగుతున్నట్టే కిందికొచ్చి మళ్ళీ పైకి లేచిపోయాయి. ఏఎన్-32, డోర్నియర్ దిగి, తిరిగి ఎగిరాయి. అంతకు మూడు నెలల ముందు, 2023 డిసెంబరు 12న, ఇదే జిల్లా సూర్యలంక వైమానిక స్థావరంలో ‘అస్త్రశక్తి’ విన్యాసాలు జరిగాయి. అందులో ఒకే ఆకాశ్ ఫైరింగ్ యూనిట్ నాలుగు మానవరహిత లక్ష్యాలను ఒకేసారి ఛేదించింది.

జనం సుఖోయ్ గురించీ, ఆకాశ్ గురించీ మాట్లాడుకున్నారు. నాకు మాత్రం గురిపెట్టిన ఆయుధం కన్నా గురి అయిన లక్ష్యాల మీదే ఆసక్తి. వాటిలో మనిషి ఉండడు. బెంగళూరులోని డీఆర్‌డీఓ సంస్థ ఏడీఈ రూపొందించిన లక్ష్య, అభ్యాస్ ఇలాంటివే. చిన్న జెట్ ఇంజను, రెండు రెక్కలు ఉంటాయి, ఆజ్ఞలు నేల మీద నుంచి వెళ్తాయి. పరిమాణం బాగా తగ్గించి, యుద్ధం ఊసే లేకుండా, సరదా కోసం ఎగరేస్తే అది రేడియో కంట్రోల్ జెట్ మోడల్. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ పుణ్యమా అని ఏరోమోడలింగ్ మన కాలేజీలకు కొత్తేమీ కాదు. బాల్సా చెక్క కోసి, జిగురు పెట్టి, ప్రొపెల్లర్ విమానం ఎగరేసినవాళ్ళు ప్రతి తరంలోనూ కొందరుంటారు. వాళ్ళు జెట్ దగ్గరికి వచ్చేసరికి పాత లెక్కలు చెల్లవు.

జెట్ అనగానే ఎవరైనా ముందు అడిగేది ఇంజను సంగతే: ఎంత థ్రస్టు, ఎంత చప్పుడు, ఎంత ధర. నా మటుకు అది తరవాతి ప్రశ్న. ఇంజను గాలిలో ఆగిపోయినా విమానం చేతిలోనే ఉంటుంది. ముక్కు కాస్త దించి, వేగం పోకుండా చూసుకుంటే పొలంలోనైనా దించుకోవచ్చు. నేల మీది ఆజ్ఞలు అందుకునే రిసీవర్‌కు కరెంటు పోతే, లేదా తోక అంచును కదిపే ఎలివేటర్ సర్వో చచ్చిపోతే, ఎంత గొప్ప ఇంజనైనా విమానాన్ని ఇంకా వేగంగా నేలకు కొట్టడానికే పనికొస్తుంది. కాబట్టి ముందు సర్వో, తరవాత దానికి కరెంటు, ఆ తరవాతే ఇంజను.

ఇప్పుడు కృష్ణా డెల్టాలో మందు చల్లే డ్రోన్లు అందరికీ తెలుసు. మామూలు డ్రోనుకు సర్వోలతో పనిలేదు, రెక్కల మోటార్ల వేగం పెంచీ తగ్గించీ అది ఒరుగుతుంది, తిరుగుతుంది. జెట్ అలా కాదు. రెక్క అంచున ఐలరాన్లు, ఫ్లాపులు, తోక దగ్గర ఎలివేటర్లు, రడ్డర్, ముందు చక్రం తిప్పే యంత్రం, ఇలా ఒక్కోదానికి ఒక్కో సర్వో లెక్కన ఎనిమిదో తొమ్మిదో అవుతాయి. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన ఆ డబ్బాలో ఒక మోటారు, పళ్ళ చక్రాల వరస, ఇరుసు ఎక్కడుందో కనిపెట్టే సెన్సర్, వాటిని నడిపే చిన్న సర్క్యూట్ ఉంటాయి. రిసీవర్ పంపే పల్సు వెడల్పు 1500 మైక్రోసెకన్లయితే మధ్యలో నిలుస్తుంది, 1000 వైపో 2000 వైపో జరిగితే అటో ఇటో తిరుగుతుంది.

అసలు కష్టం గాలి ఒత్తిడి దగ్గర మొదలవుతుంది. వేగం రెట్టింపయితే రెక్క అంచు మీద గాలి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గంటకు 130 కిలోమీటర్లతో పోయే ఫోమ్ జెట్‌కూ, 320 కిలోమీటర్ల టర్బైన్ జెట్‌కూ మధ్య ఆ తేడా ఆరు రెట్లు. (అమెరికా ఏరోమోడలింగ్ సంస్థ ఏఎంఏ టర్బైన్ మోడళ్ళకు పెట్టిన పరిమితి గంటకు 200 మైళ్ళు, అంటే సుమారు ఈ 320 కిలోమీటర్లే.) ఒక లెక్క వేద్దాం. 40 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఎలివాన్‌ను 15 డిగ్రీలు తిప్పాలి. తేజస్ లాగా తోక లేని త్రికోణపు రెక్క విమానంలో ఐలరాన్ పనీ ఎలివేటర్ పనీ రెండూ ఈ ఎలివానే చేస్తుంది. సెకనుకు 60 మీటర్ల వేగంలో కీలు దగ్గర పడే మెలిక (టార్కు) సుమారు 6 కిలో-సెంటీమీటర్లు. 90 మీటర్ల వేగంలో అదే 13 దాకా పోతుంది. ఇది ఉజ్జాయింపే. గాలి దుడుకు, కీలు బిగుతు, డైవ్‌లో పెరిగే వేగం కలుపుకుంటే 20 నుంచి 25 కిలో-సెంటీమీటర్ల సర్వోకు తక్కువ కొనడం తెలివి కాదు. శక్తి చాలని సర్వో విరిగిపోదు, గాలికి లొంగి వెనక్కి జరుగుతుంది. పైలట్ స్టిక్ పూర్తిగా లాగుతాడు, ఎలివేటర్ సగమే లేస్తుంది, డైవ్‌లోంచి విమానం బయటికి రాదు. కింద నిలబడ్డవాళ్ళకు అది రేడియో సిగ్నల్ పోయినట్టే కనిపిస్తుంది. సిగ్నల్ పోయిందని చెప్పుకునే ప్రమాదాల్లో కొన్నింటి అసలు కథ ఇదేనని నా అనుమానం.

డబ్బా మీద రాసిన అంకెను ఏ వోల్టేజికి చెప్పారో చూడకుండా నమ్మకూడదు. 8.4 వోల్టుల దగ్గర 25 కిలో-సెంటీమీటర్లు ఇచ్చే సర్వో 6 వోల్టుల దగ్గర అంత ఇవ్వదు. పైగా ఆ అంకె సర్వో పూర్తిగా ఆగిపోయే చోటు కొలత, రోజూ పనిచేసే చోటుది కాదు. జపాన్ ఫుటాబా, కొరియా హైటెక్, తైవాన్ సావాక్స్, ఎంకేఎస్, చైనా కేఎస్‌టీ, ఎవరిదైనా సరే, ఒకే వోల్టేజి దగ్గర పక్కపక్కన పెట్టి చూస్తేనే పోలిక.

టార్కు ఒక్కటే చాలదు. మధ్య స్థానానికి ప్రతిసారీ అదే చోటికి తిరిగి రావాలి. గేర్లలో ఆట (వదులు) ఉండకూడదు. ఈ ఆట సంగతి మీరే చేత్తో చూసుకోవచ్చు. సర్వోకు కరెంటు ఇచ్చి, ఎలివేటర్ వెనక అంచును రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ కదపండి. సర్వో గట్టిగా నిలబడాలి, అంచు గోరుమందం కన్నా ఎక్కువ కదలకూడదు. అలా కదిలే అంచు వేగంలో తనంతట తాను అదరడం మొదలెడుతుంది. దాన్ని ఫ్లటర్ అంటారు. ఒకసారి మొదలైతే తోక ఊడిపోవడానికి కొద్ది సెకన్లు చాలు. అందుకే జెట్‌కు లోహపు గేర్లు, డిజిటల్ సర్క్యూట్ ఉన్న సర్వోలే వాడతారు. పాత అనలాగ్ సర్వో మోటారుకు సెకనుకు 50 సార్లు ఆజ్ఞ ఇస్తే, డిజిటల్ సర్వో 300 సార్లకు పైగా ఇస్తుంది. కాబట్టి గాలి తోసినా చోటు వదలదు. దీనికి మూల్యం కరెంటు. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత తాగుతుంది.

సర్వో చేతికీ రెక్క అంచుకూ మధ్య ఉండే కడ్డీల అమరిక దగ్గర చాలామంది కొన్న శక్తిని పారబోసుకుంటారు. సర్వోకు పొడుగు చెయ్యి బిగించి, కదలిక ఎక్కువైందని ట్రాన్స్‌మిటర్‌లో 50 శాతానికి తగ్గిస్తారు. సర్వో తిరగగలిగినదాంట్లో సగమే తిరుగుతుంది, బలంలో సగం వృథా, సున్నితత్వంలోనూ సగం వృథా. చెయ్యి పొట్టిగా, రెక్క వైపు కడ్డీ తగిలే హార్న్ పొడుగ్గా ఉంచి, సర్వో నిండుగా తిరిగినప్పుడే అంచు కావలసినంత కదిలేలా బిగించాలి. తుక్కు ఇనుమూ నట్లూ బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేసే సూర్య శిల్పశాల తెనాలిలో ఉంది. ఈ ఊళ్ళో చేతిపనికి కొదవ లేదు. సర్వో కూర్చునే అల్యూమినియం చట్రం, హార్న్, 3 మిల్లీమీటర్ల కడ్డీ ఏ లేత్ షాపులోనైనా చేయించుకోవచ్చు. కానీ సర్వో ఇరుసు మీద కూర్చునే 25 పళ్ళ చెయ్యి మాత్రం కంపెనీదే కొనాలి. ఆ పళ్ళు వెంట్రుకవాసి వదులైనా గాలిలో జారతాయి.

డబ్బు తక్కువైతే ఎక్కడ తగ్గించుకోవాలి? ఎలివేటర్ల దగ్గర వద్దు. ఫ్లాపుల దగ్గర కాస్త తగ్గవచ్చు, వేగం తగ్గాకే అవి దిగుతాయి. ముందు చక్రం సర్వోకు టార్కు కన్నా దెబ్బ ఓర్చుకునే గేర్లు ముఖ్యం.

ఇక కరెంటు. కృష్ణా పశ్చిమ డెల్టాలో ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం నిండుగా ఉన్నంత మాత్రాన రేపల్లె, నిజాంపట్నం చివరి భూములు తడుస్తాయని ఏ రైతూ నమ్మడు. లాకులు, కాలవ పూడిక, మధ్యలో తూములు అన్నీ దాటుకుని ఎంత మిగిలిందో అదే లెక్క. జెట్‌లో చివరి భూమి తోకలోని ఎలివేటర్ సర్వో. బ్యాటరీ దగ్గర 7.4 వోల్టులున్నాయని మీటరు చూపిస్తుంది. మధ్యలో స్విచ్చి, రెగ్యులేటర్, రిసీవర్ పిన్నులు, రెండు మూడు కనెక్టర్లు, మీటరు పొడుగు సన్నటి తీగ ఉన్నాయి. 26 గేజి తీగ మీటరు పొడవుంటే, కరెంటు వెళ్ళి రావాలి కాబట్టి లెక్కకు రెండు మీటర్లు. దాని నిరోధం సుమారు 0.27 ఓమ్‌లు. సర్వో బరువు మోస్తూ 4 ఆంపియర్లు లాగితే ఒక్క తీగలోనే ఒక వోల్టు పైగా కరిగిపోతుంది. అదే చోట 22 గేజి తీగ వేస్తే పోయేది 0.4 వోల్టు. సర్వో బలం వోల్టేజితో పాటే తగ్గుతుంది కాబట్టి, చౌక తీగ వేసినవాడు ఖరీదైన సర్వో బలంలో ఏడో వంతు దారిలోనే పోగొట్టుకున్నాడు.

ఒక్క సర్వో సంగతే ఇది. పెద్ద టార్కు డిజిటల్ సర్వో పూర్తిగా ఒత్తిడిలో 3 నుంచి 5 ఆంపియర్లు లాగుతుంది. మామూలు ఎగురుడులో అన్నీ కలిపి అంత ఉండదు, కానీ వేగంగా వెళ్తూ ఒక్కసారిగా స్నాప్ రోల్ కొడితే క్షణకాలం 15, 20 ఆంపియర్లు అడగవచ్చు. ఆ క్షణంలో వోల్టేజి కుంగి, 3.5 వోల్టుల దరిదాపుకి పడిపోతే చాలా రిసీవర్లు ఆగి, మళ్ళీ మొదటి నుంచి లేస్తాయి. లేచేలోపు విమానం దారి తప్పుతుంది. రిసీవర్‌లోని సన్నటి పిన్ను ద్వారా ఇంత కరెంటు పంపడం అన్యాయం. పెద్ద జెట్లలో బ్యాటరీ నుంచి లావు తీగలతో పవర్ బాక్స్‌కు, అక్కడి నుంచి సర్వోలకు నేరుగా కరెంటు ఇస్తారు. రిసీవర్ నుంచి వచ్చేది సిగ్నల్ మాత్రమే. రెండు బ్యాటరీలు, రెండు రెగ్యులేటర్లు ఉంటాయి కాబట్టి ఒకటి పోయినా రెండోది మోస్తుంది.

ఏ బ్యాటరీ అన్నదానికి నా ఓటు రెండు సెల్లుల లైఫ్ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకానికి. దాని మామూలు వోల్టేజి 6.6. ఛార్జింగు తీసిన వెంటనే 7.2. 7.4 వోల్టుల సర్వోలకు రెగ్యులేటర్ లేకుండానే తగిలించవచ్చు. మధ్యలో ఒక పరికరం తగ్గితే చెడిపోవడానికి ఒక కారణం తగ్గినట్టే. రెండు సెల్లుల లిపో (లిథియం పాలిమర్) నిండితే 8.4 వోల్టులు, హైవోల్టేజి సర్వోలయితేనే నేరుగా ఇవ్వాలి. 6 వోల్టుల సర్వోలకు లీనియర్ రెగ్యులేటర్ పెట్టి లిపో వాడితే, 5 ఆంపియర్ల దగ్గర 12 వాట్లు ఊరికే వేడిగా పోతాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో, మూతేసిన కాక్‌పిట్ కింద ఆ 12 వాట్లు ఏం చేస్తాయో ఆలోచించండి. స్విచ్చింగ్ రకం రెగ్యులేటర్ అంత వేడెక్కదు. లిపోను 60 డిగ్రీలు దాటనివ్వకూడదు కాబట్టి, ఎండలో నిలిపిన కారు డిక్కీలో బ్యాటరీలు వదలడం విమానం కొనకముందే మానుకోవలసిన అలవాటు.

ముందుకు తోసే శక్తికి రెండు దారులు. ఒకటి ఈడీఎఫ్, అంటే గొట్టంలో తిరిగే విద్యుత్ ఫ్యాను. 90 మిల్లీమీటర్ల ఫ్యానుకు ఆరు సెల్లుల లిపో పెడితే ఫుల్ థ్రాటిల్ దగ్గర 100 ఆంపియర్ల దరిదాపు లాగుతుంది. నాలుగు నిమిషాల్లో దించాలి. మోటారును నడిపే స్పీడ్ కంట్రోలర్‌లోనే ఉండే బీఈసీ అనే సర్క్యూట్‌తో, మోటారు బ్యాటరీ నుంచే సర్వోలకు కరెంటిచ్చే పద్ధతి తేలిక, కానీ నాకు నచ్చదు. మోటారు బ్యాటరీ వేడెక్కి చేతులెత్తేస్తే సర్వోలూ దాంతో పోతాయి. ఒక చిన్న విడి బ్యాటరీ బరువు మోయలేని జెట్ ఉండదు.

రెండోది కిరోసిన్ తాగే అసలు టర్బైన్. 1980ల చివర జర్మనీలో కుర్ట్ ష్రెక్లింగ్ ఇంట్లో కట్టుకున్న టర్బైన్‌లో కంప్రెసర్ చక్రం ప్లైవుడ్‌తో చేసి కార్బన్ ఫైబర్ చుట్టినది. ఇప్పటి వంద న్యూటన్ల తరగతి ఇంజన్లు నిమిషానికి లక్షన్నర దరిదాపు చుట్లు తిరుగుతాయి. కిలో బరువున్న ఇంజను పది కిలోల తోపుడు ఇస్తుంది. దాని ఇంధన పంపుకూ, ఇంజనును అదుపు చేసే ఈసీయూకూ వేరే బ్యాటరీ ఉండాలి, రిసీవర్ బ్యాటరీతో కలపకూడదు. థ్రాటిల్ తోశాక పూర్తి బలం రావడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. దిగేటప్పుడు ఇది గుర్తుండాలి. సిగ్నల్ పోతే ఇంజను ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టడం తప్పనిసరి. నేల మీదే ట్రాన్స్‌మిటర్ ఆపి, అది పనిచేస్తోందో లేదో కళ్ళారా చూడాలి.

ఎగరేసే ముందు ఇంకో పరీక్ష. తోకలోని ఎలివేటర్ సర్వో దగ్గర మీటరు తగిలించి, రెండు స్టిక్కులూ మూలలకు గబగబా తిప్పుతూ వోల్టేజి ఎంత కుంగుతుందో చూడండి. అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో ఇరుకు ఉంది. దొరికేదాకా విమానం షెడ్డులోనే ఉండాలి. దిగాక ఛార్జింగులో ఎన్ని మిల్లీఆంపియర్-గంటలు ఎక్కిందో రాసుకుంటే ఒక్కో ఎగురుడు ఎంత తింటుందో తెలుస్తుంది. సామర్థ్యంలో సగం దాటనివ్వకపోవడం మంచిది. గత వారం కన్నా ఒక్కసారిగా ఎక్కువ తింటే ఏదో సర్వో కీలు బిగిసి గుంజుకుంటోందని అర్థం.

2021 డ్రోన్ నియమాల ప్రకారం వినోదానికీ చదువుకూ కనుచూపు మేరలో ఎగరేసే, 25 కిలోలు మించని మోడల్ విమానానికి టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అలాగని ఎక్కడపడితే అక్కడ ఎగరేయడానికి లేదు. సూర్యలంక స్థావరం బాపట్ల తీరంలోనే ఉంది. ఎక్కడ ఎగరేయవచ్చో రంగులతో చూపే డిజిటల్ స్కై మ్యాపు చూడకుండా తీరం వైపు కదలొద్దు. పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతి మీద 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉన్నా విడిభాగాలకు అనుమతి అక్కర్లేదు. వరి కోశాక మాగాణి ఎగరేయడానికి ఖాళీగా ఉంటుందనుకోకండి. తెనాలి చుట్టుపక్కల అప్పటికే మినుమో మొక్కజొన్నో వచ్చేస్తుంది. చిన్న చక్రాల జెట్‌కు నల్లరేగడి మెత్తటి నేల ఎలాగూ పనికిరాదు, గట్టి రోడ్డు లాంటి చోటే కావాలి.

బాపట్ల వైపు ఉప్పుగాలి కనెక్టర్ల మీద పచ్చటి పొర పెడుతుంది. పొర ఏర్పడిన పిన్ను పైకి బాగానే కనిపిస్తుంది, మీటరు పెడితేనే గుట్టు బయటపడుతుంది. వానాకాలం పోయాక అన్ని కనెక్టర్లూ విప్పి చూడాలి, మసకబారినవాటిని గీకకుండా మార్చేయాలి. ముందుగా ఎలివేటర్ తీగ చూడండి, అన్నిటికన్నా పొడుగ్గా ఉండేది అదే.