డిటెక్టివ్ రచయితగా ఆరుద్ర: ఒక పరిశీలన

1. పరిచయం

ఆరుద్రను కవిగా, సాహిత్య చరిత్రకారుడిగా మీరు ఎరుగుదురు. ఈ భాగంలో ఆయన్ను డిటెక్టివ్ రచయితగా చూస్తారు. ఆయన డిటెక్టివ్ నవలలను కాలక్షేపపు రాతలుగా ఒక్క వాక్యంలో దాటవేయడం మనకు అలవాటు. అవి గొప్ప సాహిత్యమని నిరూపించడం ఈ పాఠం ఉద్దేశం కాదు. వాటిని పక్కన పెడితే పరిశోధకుడైన ఆరుద్ర కూడా మనకు సగమే అర్థమవుతారని చెప్పడమే ఉద్దేశం.

2. జీవిత నేపథ్యం

ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి. 1925లో విశాఖపట్నంలో జన్మించారు. 1942లో కళాశాల చదువు కోసం విజయనగరం వచ్చారు. అక్కడ రోణంకి అప్పలస్వామి, చాగంటి సోమయాజులు (చాసో)లతో కలిగిన పరిచయం ఆయన్ను అభ్యుదయ భావాల వైపు నడిపించింది. 1943లో చదువు మానేసి వైమానిక దళం బ్యాండులో చేరారు. తరువాత మద్రాసులో పత్రికా రచన, సినిమా రచన జీవనాధారాలయ్యాయి. 1949లో వచ్చిన 'త్వమేవాహం' కవిగా ఆయనకు పేరు తెచ్చింది. 1998లో మరణించారు.

3. డిటెక్టివ్, సాహస రచనలు

1887లో షెర్లాక్ హోమ్స్‌ను ప్రవేశపెట్టిన కానన్ డాయల్ వంటి ఆంగ్ల రచయితలు ఈ ప్రక్రియకు ఒక చట్రం ఏర్పరచారు: నేరం, ఆధారం, తప్పుడు అనుమానం, చివరకు నిజం. తెలుగులో కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ ఈ చట్రాన్ని ఇంటింటికీ చేర్చాడు. ఆరుద్ర కూడా పత్రికలకు ఇటువంటి నవలలు రాశారు.

'పలకల వెండిగ్లాసు' అన్న పేరును గమనించండి. అందులో హత్య లేదు, రక్తం లేదు. తెలుగింట్లో కనిపించే ఒక వస్తువు మాత్రమే ఉంది. రోజూ చూసే వస్తువును అనుమానంతో మళ్ళీ చూడమని ఆ పేరే పాఠకుణ్ణి హెచ్చరిస్తుంది.

సాహస కథల పట్ల ఆయన ఆసక్తి సినిమాల్లోనూ కనిపిస్తుంది. 1971లో వచ్చిన 'మోసగాళ్ళకు మోసగాడు' చిత్రానికి కథ, మాటలు ఆయనవే. పాశ్చాత్య కౌబాయ్ చిత్రాల తరహా నిధి వేటను ఆయన తెలుగు ప్రేక్షకులకు దగ్గర చేశారు.

4. పరిశోధనలో అదే చూపు

రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాణ్ణి చూసి మనం నవ్వుతాం. ఆరుద్ర నవ్వి ఊరుకోలేదు. ఆ సామెతనే పేరుగా పెట్టి ఒక పుస్తకం రాశారు. దశరథ జాతకంలో సీత రాముడి సోదరి. కొన్ని జైన రామకథల్లో ఆమె రావణుడి కూతురు. ఈ సాక్ష్యాలను పక్కపక్కన పెట్టి చూస్తే వెర్రి ప్రశ్న అసలు ప్రశ్నగా మారుతుంది. అందరూ తెలుసుననుకున్నదాన్ని మళ్ళీ అడగడం డిటెక్టివ్ మొదటి లక్షణం. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' వంటి బృహత్కార్యానికి కూడా ఈ లక్షణమే అవసరం. విజయనగరంలో జీవించిన గురజాడపై ఆయన రాసిన 'గురజాడ గురుపీఠం' 1987లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది.

5. పరిమితి

అయితే ఈ పోలికను మరీ దూరం లాగకూడదు. డిటెక్టివ్ నవల చివరి పుటలో దోషి ఒక్కడే తేలాలి, లేకుంటే పాఠకుడు ఒప్పుకోడు. చరిత్రకు అటువంటి చివరి పుట లేదు. రామకథల్లో ఏది అసలుది, ఏది నకలు అని తీర్పు చెప్పడం కంటే అవి ఎందుకు వేరయ్యాయో అడగడమే అక్కడ ప్రయోజనకరం. కాబట్టి ఆరుద్ర నుంచి మనం నేర్చుకోవలసింది తీర్పు కాదు, ఆధారం వెతికే ఓపిక.

6. ఆలోచించండి

మీ ఊరి పేరుకో, గుడికో, చెరువుకో ఒక కథ వాడుకలో ఉంటుంది. దాన్ని కనీసం ఇద్దరు పెద్దల నోట విడివిడిగా విని రాసుకోండి. రెండు కథనాలూ ఎక్కడ కలుస్తున్నాయి? ఎక్కడ విడిపోతున్నాయి? ఏది నిజమో తేల్చే తొందర వద్దు. తేడా ఎందుకు వచ్చిందో పది వాక్యాల్లో రాయండి.