డంగు సున్నం, అడవి కరక్కాయ

డంగు సున్నం అంటే ఇసుకతో కలిపి, నీళ్ళు చిలకరిస్తూ, గానుగలో రాతిచక్రం కింద మెత్తగా నలగ్గొట్టిన సున్నం. సిమెంటు రాకముందు తెలుగునాట కోటలు, గడీలు, బావుల గట్లు ఎన్నో దీనితోనే లేచాయి. ఖమ్మం ఖిల్లాలాంటి పాత కట్టడంలో ఏ మరమ్మతు తలపెట్టినా ముందు తేల్చుకోవలసింది ఈ సున్నం సంగతే.

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. 100 కిలోల మేలైన రాయికి 56 కిలోల కాల్చిన సున్నం మిగులుతుంది. నీరు కొడితే అది కుతకుత ఉడికి ముద్దవుతుంది. ఆ ముద్దను గుంటలో వారాల తరబడి నాననివ్వాలి. తొందరపడితే సరిగా విరగని పలుకులు గోడలో చేరాక పొంగి, గచ్చును పొక్కులుగా లేపేస్తాయి. ఈ పనిలో ఓపికే సగం నైపుణ్యం. సాధారణంగా 1 పాలు సున్నానికి 3 పాళ్ళ ఇసుక సరిపోతుంది. తడి ఆరని పునాదులకు, బావులకు ఇటుకపొడి, అంటే సుర్కీ కలిపితే సున్నం తేమలోనూ గట్టిపడుతుంది.

భద్రాచలం అడవికీ ఈ పనికీ చుట్టరికం కరక్కాయ. ఏజెన్సీలో కోయలు ఏరి తెచ్చే అటవీ ఫలసాయంలో అదొకటి. కాయలు దంచి, బెల్లంతో కలిపి, రోజుల తరబడి నీళ్ళలో ఊరబెట్టి ఆ ఊటను గానుగలో పోస్తారు. బెల్లం చక్కెర వల్ల సున్నం నీటిలో ఎక్కువగా కరుగుతుంది, అడుసు తాపీకి లొంగుతుంది. తాపీపని నేర్పే ప్రతిచోటా ఈ ఊట కట్టడం కూడా నేర్పాలి.

పాత గోడకు సున్నం బదులు సిమెంటు పూస్తే చేటే. సిమెంటు పాత ఇటుక కన్నా గట్టిది, తేమను అంత సులువుగా బయటికి పోనివ్వదు. వానాకాలం గోడ తాగిన నీరు, దానితోపాటు ఉప్పు, వేరే దారిలేక ఇటుకలోంచే వెలికివస్తాయి. ఇటుక పొరలు పొరలుగా రాలిపోతుంది, సిమెంటు గీత మాత్రం పొడుచుకుని నిలుస్తుంది. సున్నం మెత్తన కాబట్టి గోడ కదిలితే ముందు తానే చీలుతుంది. సన్నని పగుళ్ళలో, వాననీటిలో కరిగిన సున్నం మళ్ళీ పేరుకుని పూడుకుంటుంది కూడా. హైదరాబాదు కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో ఆగాఖాన్ సంస్థ మొదలుపెట్టిన పనిలో, 20వ శతాబ్దపు సిమెంటు అతుకులను ఒలిచి సున్నపు గచ్చు వేశారు.

పాత గోడ మీది సిమెంటును ఒలిచేటప్పుడు యంత్రం కన్నా ఉలి, సుత్తి మేలు. రావి, మర్రి మొలిస్తే ముందు వేళ్ళతో సహా తీయాలి. సందులు శుభ్రంచేసి, గోడను తడిపి, సున్నాన్ని పలచని వరసలుగా లోపలికంటా కుక్కుతారు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని అది పైనుంచి లోపలికి మెల్లగా తిరిగి రాయవుతుంది. అందుకే త్వరగా ఆరిపోకుండా రోజుల తరబడి తడి గోనెలు కప్పి ఉంచాలి. గోదావరి వానలూ, ఖమ్మం ఎండలూ రెండూ దీనికి పడవు. దసరా వెళ్ళాక పట్టి శివరాత్రిలోగా ముగించే పని ఇది.