బండ మీద ఊరు, సున్నంతో గోడ

హైదరాబాద్ శివారు గోపన్‌పల్లిలో ఎక్కడ పునాది తవ్వినా బండ తగులుతుంది. ఈ ఊళ్లోనూ, పక్కనే ఉన్న సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోనూ పరుచుకున్న గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. యూనివర్సిటీ పిల్లలు ఫొటోలు దిగే మష్రూమ్ రాక్‌ది కూడా ఆ వంశమే. తండా చౌరస్తాలో 2024లో ఫ్లైఓవర్ వచ్చింది, చుట్టూ టవర్లు లేచాయి. సెల్లార్ కోసం బండను పిండి చేసి లారీలకెత్తి పంపేస్తున్నారు. ఈ ప్రాంతపు పల్లెల్లో ఒకప్పుడు ఆ బండే గోడ, ఆ బండే గడప, పొలం గట్టున కడీ, వంటింట్లో రోలు.

రాయి కొట్టడం వడ్డెరల విద్య. సుత్తితో తట్టి, చప్పుడును బట్టి బండ ఎటు విడుతుందో పోల్చుకుంటారు. ఆ వాటాన ఉలితో వరసగా గుంటలు చెక్కి, ఇనుప చీలలు దిగ్గొట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కో చీల మీద ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోతారు. తొందరపడి ఒక్కదాన్నే బాదితే రాయి అడ్డదిడ్డంగా పగులుతుంది. పెద్ద బండ మీది పొర లేపాలంటే మంట పెట్టేవారు. వేడికి సాగిన పొర కింది బండను వదిలేస్తుంది.

ఆ రాళ్లతో గోడను రెండు ముఖాలుగా లేపి, నడుమ చిన్న రాళ్లూ మట్టీ కూరుతారు. అక్కడక్కడ గోడ మందమంతా పట్టే పొడుగు రాయి పడాలి, లేకుంటే నాలుగు వానలకే గోడ నిండు చూలాలి కడుపులా ఉబ్బుతుంది. మూరెడుకు మించిన ఆ మందం ఇంటావిడకు వరం. దీపానికో గూడు, పోపుల డబ్బాకో గూడు, పిల్లలకు అందకుండా చిల్లర దాచడానికి మరో గూడు గోడలోనే అమరేవి. పండక్కి గోడకు సున్నం, అడుగున జాజు పట్టీ పడితే ఇల్లు కళకళలాడేది.

కలిగినవాళ్లు మట్టికి బదులు డంగు సున్నం వాడేవారు. సున్నపురాయిని బట్టీలో కాల్చి నీళ్లు పోస్తే కుతకుత ఉడికి విరుగుతుంది. దాన్ని కొన్నాళ్లు మురగబెట్టి, ఇసుక కలిపి, గుండ్రటి గానుగలో ఎద్దులు రాతిచక్రం లాగుతుండగా వెన్నలా అయ్యేదాకా నూరుతారు. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు అందులో పోస్తారు. నున్నటి పైపూతకైతే కోడిగుడ్డు తెల్లసొన. ఇదంతా మూఢనమ్మకమని కొట్టిపారేయడం తగదు. బెల్లం నీళ్లతో సున్నం మెత్తగా సాగి పనివాడి చేతికి లొంగుతుంది. గోడకెక్కాక సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. 1591 నాటి చార్మినార్ మీది పూలూ లతలూ ఈ సున్నపు పనే.

నా దృష్టిలో దీని అసలు గొప్పతనం గట్టిదనం కాదు, ఒదుగుదల. గోడ కాస్త కదిలితే సున్నం తానూ కదులుతుంది, సన్నని బీటలను తానే పూడ్చుకుంటుంది. లోపలికి చేరిన చెమ్మను బయటికి పోనిస్తుంది. అలాంటి గోడ మీద సిమెంటు పూత వేస్తే ఆ చెమ్మకు దారి మూసుకుపోతుంది. లోపల సున్నం కుళ్లి, పైపూత పెళ్లలుగా రాలుతుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన మరమ్మతుల్లో ఆగాఖాన్ ట్రస్టు చేసిన పెద్ద పని ఇదే. గత శతాబ్దంలో పూసిన సిమెంటును గీకి తీసేసి, మళ్లీ డంగు సున్నమే వేయించారు. ఆ పనితో మేస్త్రీల చేతుల్లో ఈ విద్య కూడా నిలిచింది.

మీ ఊళ్లో తాతల నాటి రాతి ఇల్లు ఉంటే, గోడ పెచ్చులూడిందని సిమెంటు బస్తా తేకండి. సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతికి పిలవండి. కూల్చక తప్పకపోతే, గడప బండనూ కడీలనూ మాత్రం లారీకెత్తనివ్వకండి. కొత్త ఇంటి మెట్లకు, ప్రహరీకి అవి చక్కగా పనికొస్తాయి.