వెనక స్పీకర్లకు ఎంత ఖర్చు పెట్టాలి?

హోమ్ థియేటర్‌లో డబ్బు ఎక్కడ తగ్గించుకోవచ్చని అడిగిన వాళ్లకు నేను వెనక స్పీకర్లనే చూపిస్తాను. శ్రద్ధ ఎక్కడ పెట్టాలని అడిగినా వాటినే చూపిస్తాను. సినిమాలో మాటలు దాదాపు అన్నీ నడిమి స్పీకర్లోంచి వస్తాయి. పాటా, ఫైటూ ఎక్కువగా ముందరి రెండింటి బాధ్యత. వెనక జతది వేరే పని: వాన, జాతరలో జనం సందడి, గుడి మండపంలో మాట మోగిన తీరు. దానికి ఖరీదైన పెట్టెలు అక్కర్లేదు. వాటిని ఎక్కడ పెట్టాం, తీగ ఎలా బిగించాం, సెట్టింగు ఏముంది, ఇవి చాలా ముఖ్యం. వీటికయ్యే ఖర్చు దాదాపు సున్నా.

ఇళ్లలో సరౌండ్ మొదలైందే తక్కువతో. 1940లో డిస్నీ ‘ఫాంటాసియా’ కోసం ఫాంటాసౌండ్ అనే సరౌండ్ పద్ధతి తయారైతే, ఆ సరంజామా ఖర్చుకు తట్టుకున్న థియేటర్లు కొన్నే. 1982లో డాల్బీ సరౌండ్ ఇళ్లలోకి వచ్చినప్పుడు వెనక్కి వెళ్లేది ఒకే ఛానల్, అదీ 7 కిలోహెర్ట్జ్ దాకానే. జనం దానితోనే ఎన్నో ఏళ్లు ఆనందంగా సినిమాలు చూశారు. ఇళ్లలో సినిమాలకు విడివిడిగా రెండు వెనక ఛానళ్లు దక్కింది డాల్బీ డిజిటల్‌తో. అది 1992లో థియేటర్‌కి వచ్చింది, ఆ తర్వాతే డిస్కుల మీద ఇంటికి.

ఉప్పల్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. “బావా, వెనకవి రెండూ పోయాయి. కొత్త సెట్ తీసేసుకుంటా.” రెండూ ఒకేసారి పోయాయంటే నాకు స్పీకర్ల మీద కన్నా వాటికి అందే సిగ్నల్ మీదే అనుమానం. రిసీవర్‌లో టెస్ట్ టోన్ పెట్టమన్నాను. ‘హుష్’మనే శబ్దం ఒక్కో స్పీకర్లోంచీ వరసగా తిరిగి వెనక రెండింట్లోనూ మోగింది. అంటే వాటికేం కాలేదు. అతని టీవీ నుంచి రిసీవర్‌కి ఆప్టికల్ వైరు ఉంది, టీవీలో సౌండ్ సెట్టింగేమో పీసీఎం మీద ఉంది. ఆ వైరులో పీసీఎం రెండు ఛానళ్లకు మించి వెళ్లదు. బిట్‌స్ట్రీమ్‌కి మార్చగానే సినిమాలో వాన సోఫా వెనక్కి వచ్చింది. కొత్త సెట్ కొనుంటే అదీ ఇలాగే మౌనంగా ఉండేది. ఒకటి గుర్తుంచుకోవాలి: ప్రసారమే స్టీరియో అయితే వెనక జత పలకకపోవడం సహజం. రిసీవర్‌లో ప్రో లాజిక్ లాంటి మోడ్ ఉంటే అది స్టీరియోని వెనక్కి కూడా పంచుతుంది.

ఒక్కటే మూగబోతే పరీక్ష ఇంకో రకం. రిసీవర్ ఆపి, దాని వెనక కుడి, ఎడమ సరౌండ్ తీగలు తారుమారు చేయండి. మళ్లీ అదే స్పీకర్ పలక్కపోతే తప్పు స్పీకర్‌దో తీగదో. ఈసారి రెండోది మూగబోతే ఆంప్లిఫయర్ ఛానల్‌దే. స్పీకర్ మీదే అనుమానం ఉంటే తీగ ఊడదీసి మల్టీమీటర్ పెట్టాలి. 8 ఓమ్‌లని రాసున్నది మీటర్‌లో 6 చిల్లర చూపిస్తుంది, అది మామూలే. అసలు రీడింగే లేకపోతే కాయిల్ గానీ, అతుకు గానీ తెగిందన్నమాట. అతుకే అయితే మెకానిక్ చిటికెలో టంకం వేసిస్తాడు. సున్నా దగ్గర చూపిస్తే మాత్రం ఆ స్పీకర్‌ని రిసీవర్‌కి తగిలించొద్దు.

టీవీ ఆన్ చేస్తే చాలు ‘బుయ్’మని మోగుతోందా? అది మన కరెంటు 50 హెర్ట్జ్ మోత కావచ్చు. కేబుల్ టీవీ వైరు పీకి చూడండి. ఆగిపోతే ఎర్త్ రెండు దారుల్లో కలుస్తోందని అర్థం. టీవీ, రిసీవర్ మధ్య ఆప్టికల్ వైరు వేస్తే చాలాసార్లు పోతుంది, అందులో నడిచేది వెలుగు కాబట్టి. దయచేసి ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం విరవకండి. మోత పోవచ్చు గానీ, షాక్ నుంచి మనల్ని కాపాడేది ఆ పిన్నే.

కొనక తప్పనప్పుడు నేను పాతవాటికే ఓటేస్తాను. కోఠీ గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజారుకి వెళ్లినా, తెలిసినవాళ్ల అటక మీదివి దింపినా ముందు కోన్ చుట్టూ అంచు తడిమి చూస్తాను. ఫోమ్ అయితే ఏళ్ల మీద పొడిపొడిగా రాలుతుంది, రబ్బరు చాలాకాలం ఉంటుంది. తర్వాత వెనక రాసిన ఓమ్‌లు. అన్నీ కలిపి ఒకే డబ్బాలో వచ్చే పాత సెట్ల స్పీకర్లు చాలావరకు 3, 4 ఓమ్‌లవి. వాటిని 6 నుంచి పైకి అని రాసున్న రిసీవర్‌కి తగిలిస్తే అది వేడెక్కి ఆగిపోవచ్చు. తిరగేసి, పాత సెట్‌కి 8 ఓమ్‌లవి తగిలిస్తే ప్రమాదం లేదు, శబ్దం కాస్త తగ్గుతుందంతే. ఆ జతకి లెవెల్ రెండు మూడు డెసిబెళ్లు పెంచుకుంటే సరి. చిన్నవైనా పరవాలేదు. క్రాసోవర్ 80 నుంచి 120 హెర్ట్జ్ మధ్య పెడితే బరువంతా సబ్‌ఊఫర్ మోస్తుంది. తీగకి చదరపు మిల్లీమీటరున్నర మామూలు రాగి కరెంటు వైరు చాలు. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ తక్కువకొస్తుందని తీసుకోవద్దు.

పెట్టే చోటు విషయంలో మన హాళ్లది ఒక చిక్కు. సోఫా గోడకి ఆనుకునే ఉంటుంది, వెనక జాగా ఉండదు. అప్పుడు పక్క గోడలే దిక్కు. ఎదురుగా టీవీని సున్నా డిగ్రీలనుకుంటే సరౌండ్‌లు రెండు పక్కలా 110 డిగ్రీల దగ్గర ఉండాలన్నది అంతర్జాతీయ సూచన. సరిగ్గా కుదరకపోయినా చెవికి కాస్త వెనకగా, చెవి కన్నా రెండడుగులు ఎత్తులో బిగిస్తే, సోఫా చివర కూర్చున్నవాళ్ల చెవిలో ఒక్క స్పీకరే మోగకుండా ఉంటుంది. ఆ తర్వాత టేపుతో కొలిచి దూరాలు రిసీవర్‌కి చెప్పాలి. శబ్దానికి అడుగు దూరం పోవడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది, రిసీవర్ ఆ తేడాని సర్దుతుంది.

బావమరిది కొత్త సెట్ కోసం తీసిపెట్టిన డబ్బులో కొంత మంచి నడిమి స్పీకర్‌కి పెట్టించాను. డైలాగులు అర్థం కావట్లేదని మా అత్తయ్య ఎప్పట్నుంచో అంటున్నారు. ఆ ఇంట్లో నిజంగా మార్చాల్సింది అదే.