జవాబు తెలియని ప్రశ్నలు

మా తరం ఉపాధ్యాయుల్లో చాలామంది పుట్టినరోజు జూలై 1. నిజంగా ఆ రోజు పుట్టామని కాదు. బడిలో చేర్చేటప్పుడు నాన్న "తొలకరి రోజుల్లో పుట్టింది సార్" అంటే, హెడ్మాస్టరు గారు వయసు లెక్కకు సరిపోయేలా ఒక తేదీ వేసేసేవారు. ఆ తేదీయే పదో తరగతి సర్టిఫికెట్లోకి, అక్కణ్ణించి సర్వీసు రిజిస్టర్లోకి ఎక్కింది. ఒకటో తారీఖున పుట్టిన ఉద్యోగి అంతకుముందు నెల ఆఖరి రోజున దిగిపోవాలన్నది రూలు. అందుకే జూన్ 30 వచ్చిందంటే పల్నాడులో ఎక్కడో ఒక బడిలో షామియానా, శాలువాలు, ఫొటోలు, సన్మాన పత్రం తప్పవు.

ఈ పదవీ విరమణ వయసు మా కళ్ల ముందే ఎన్ని మార్లు మారిందో! 1983లో 58 నుంచి 55కు తగ్గించారు, ఆ తర్వాత మళ్లీ 58 చేశారు. 2014లో 60 అయింది, 2022 జనవరి నుంచి 62. ఒక్కో మార్పుకు ఒక్కో తరం ఇంటి లెక్కలు తారుమారయ్యాయి. పిల్ల పెళ్లి రిటైర్మెంటు డబ్బులతో చేద్దామనుకున్నవాళ్లు ఆగారు, ఇక చాలు అనుకున్నవాళ్లు ఇంకో రెండేళ్లు బస్సెక్కారు. ఎన్నేళ్లకు దిగినా సభలో మైకు పట్టుకున్న ప్రతివాళ్లూ అడిగేది మాత్రం ఒకటే. "రేపటినుంచి పొద్దు ఎట్లా పోద్ది టీచర్?"

నన్నూ అడిగారు. సోషల్ టీచరుగా గురజాల, మాచర్ల వైపు పల్లెల్లో పనిచేసి నరసరావుపేటలో స్థిరపడ్డదాన్ని. ఇప్పుడు దానికి జవాబు రాయగలను.

మొదట తెలిసొచ్చింది, నా ఊరు నాకు సగమే తెలుసని. ఏళ్ల తరబడి పొద్దున్నే బస్సెక్కి సాయంత్రం దిగినదాన్ని. నరసరావుపేటను ఆదివారాల్లో, పండగ సెలవుల్లో మాత్రమే చూశాను. మంగళవారం పదకొండు గంటలకు మల్లమ్మ సెంటర్ ఎలా ఉంటుందో నాకు తెలియదు. పల్లెల నుంచి వచ్చిన ముసలివాళ్లు పాస్‌బుక్కులు పట్టుకుని బ్యాంకు మెట్ల మీద కూర్చుంటారు. పల్నాడు రోడ్డులో ఆసుపత్రుల ముందు ఒక్కో రోగి వెంట నలుగురు బంధువులు క్యారేజీలతో నిలబడతారు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట జిల్లా కేంద్రమయ్యాక, అర్జీలు చేత్తో పట్టుకుని తిరిగేవాళ్లు ఇంకా పెరిగారు. ఇదంతా బడి నడిచే వేళల్లో జరిగే ఊరు. బడిలో ఉన్నవాళ్లకు కనపడదు.

చిన్న సుఖాలు చాలా ఉన్నాయి. ఆకలేసినప్పుడు తినడం. పేపరు తెరిచి సంపాదకీయం దాకా ఒక్క బిగిన చదవడం. గొంతు నొప్పి లేకుండా నిద్రపోవడం. టీచర్ల గొంతు ఎంత అరిగిపోతుందో టీచర్లకే తెలుసు. యాభైమందికి వినపడేలా మాట్లాడటం అలవాటైన గొంతు ఇంట్లో ఉన్న ఇద్దరితోనూ అదే స్థాయిలో మాట్లాడుతుంది. అది మెల్లగా దిగి మామూలు గొంతు కావడానికి చాలాకాలం పట్టింది. ఆ మామూలు గొంతు నాకు నచ్చింది.

అన్నిటికన్నా పెద్ద మార్పు ప్రశ్నల విషయంలో. టీచరు రోజంతా ప్రశ్నలు అడుగుతూనే ఉంటుంది. కృష్ణా నది ఎక్కడ పుట్టింది? పల్నాటి యుద్ధం ఏ శతాబ్దంలో జరిగింది? చెయ్యెత్తండి, ఎవరు చెప్తారు? ప్రతి ప్రశ్నకూ జవాబు తన దగ్గర ముందే ఉంటుంది. తెలియనిది అడిగి, ఎదుటివాళ్లు చెప్పేదాకా ఓపిగ్గా కూర్చునే వ్యవధి పీరియడ్‌లో ఎక్కడిది? సిలబస్ పూర్తి కావాలి. ఉద్యోగం దిగాక నేను పట్టుదలగా సాధన చేస్తున్న విద్య అదే. నాకు తెలియనిది అడగడం, అడిగి ఊరుకోవడం.

మొదటి పాఠం జొన్నరొట్టె.

శ్రీనాథుడు మా సీమ జొన్నకూడు మీద చాటువులు చెప్పాడని తెలుగు చదువుకున్న వాళ్లందరికీ తెలుసు. ఆ జొన్నతో రొట్టె తట్టడం మాత్రం నాకు చేతకాదు. ఎదురింటి అక్కది రెంటచింతల. వేసవి వస్తే రేడియో వార్తల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత పక్కన వినపడే ఊరు. ఆ ఎండలో పొయ్యి దగ్గర రొట్టెలు తట్టి పెరిగిన చెయ్యి ఆమెది. నేర్పమని అడిగితే ముందు నమ్మలేదు. "మీకు నేనేం జెప్పేది టీచర్‌గారూ" అంది. రెండో రోజు పిండి తీసుకుని నేనే వెళ్లాను.

పిండి వాసన చూసి పక్కన పెట్టేసింది. పాతబడ్డ పిండికి జిగురు ఉండదట, రొట్టె అంచులు చిట్లిపోతాయట. మరలో అప్పుడే ఆడించిన పిండి కావాలి. గోధుమలో ఉండే గ్లూటెన్ జొన్నలో లేదని నేను పుస్తకంలో చదివాను. అది లేని లోటును మరిగే నీళ్లతో తీర్చవచ్చని ఆమె చేతికి తెలుసు. ఉప్పు వేసిన నీళ్లు తెర్లుతుండగా పిండిలో పోసి గరిటె కాడతో కలపాలి. చెయ్యి పట్టేంత వేడి ఉండగానే మొదలుపెట్టి, అరచేతి మొదలుతో అదిమి అదిమి పిసకాలి. చల్లారనిస్తే పని చెడుతుంది. ఆ తర్వాత పీట మీద పొడిపిండి చల్లి, ఉండను పెట్టి తట్టడం. చెయ్యి తడుతుంటే రొట్టె దానంతటదే గుండ్రంగా తిరగాలి. ఆమె చేతి కింద తిరుగుతుంది, నా చేతి కింద తిరగదు. ఎందుకని అడిగాను. ఆమె కాసేపు తన చేతినే చూసుకుంది. ఇంకో రెండు తట్టి చూసి, "నేను నడిమికి కొట్టటంలా, అంచుకు కొడతన్నా" అంది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న తననెవరూ అడగలేదంది. నేను అడిగినందుకే తన చెయ్యి ఏం చేస్తోందో తానూ చూసుకున్నానంది.

ఆ మాట నాకు ఏ సన్మాన పత్రం కన్నా ఎక్కువ సంతోషం ఇచ్చింది.

పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో నీళ్లు అద్దాలి. ఆ తడి ఆరుతుండగా తిప్పాలి. చివర్లో సెగ మీద పెడితే పొంగుతుంది. పండుమిరపకాయ పచ్చడితో, మీద కాస్త నెయ్యితో వేడివేడిగా తినాలి. నా రొట్టెలు ఇప్పుడు చిట్లడం లేదు. గుండ్రంగా మాత్రం ఇంకా రావు.

రెండో పాఠం మిరపకాయలది. మిరప మా జిల్లాకు బతుకుతెరువు, అప్పూ రెండూ. సంక్రాంతి దాటితే కోతలు. ఎక్కడ చూసినా కల్లాలు ఎర్రగా పరిచి ఉంటాయి. బస్సు కిటికీలోంచి ఎన్నేళ్లు చూశానో, దిగి ఒక్క కల్లంలో నిలబడలేదు. ఈ ఏడు దిగాను. అక్కడ రైతు నా దగ్గర చదువుకున్న పిల్లవాడే. పిల్లవాడు అంటున్నాను గానీ నలభై దాటినవాడు. "కాయ ఎండిందని నీకెట్లా తెలుస్తుంది నాయనా?" అని అడిగాను. అతను తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. నేను పరీక్ష పెడుతున్నానని అనుకున్నాడు. "మీకు తెలవదా టీచర్?" నాకు నిజంగా తెలియదని నమ్మించడానికి కొంతసేపు పట్టింది.

నమ్మాక మాత్రం ఒక కాయ తీసి నా చెవి దగ్గర ఊపాడు. లోపల గింజ కదులుతున్న చప్పుడు. ఆ చప్పుడు రాకముందే మూటకెత్తితే బూజు పడుతుంది. మరీ ఎండనిస్తే తూకం పోతుంది, పట్టుకుంటే పెళుసుగా విరుగుతుంది. రాత్రి మంచుకు తడిస్తే రంగు పోయి తాలు అవుతుంది, అందుకే పొద్దు గూకితే కుప్ప చేసి పట్టా కప్పాలి. తాలు ఏరే ఆడవాళ్లు నీడలో కూర్చుని మాట్లాడుకుంటూనే ఏరుతున్నారు, కళ్లు మాటల మీద, వేళ్లు కాయల మీద. తేజ, 334, 341 రకాలను దూరం నుంచే పేరు పెట్టి చెప్తున్నారు. 2021 ఖరీఫులో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు పూత పూతగానే మాడిపోయిన సంగతి అతను చెప్తుంటే వాళ్లూ పని ఆపి విన్నారు. గుంటూరు మిర్చి యార్డుకు మేలో మన బడుల్లాగే వేసవి సెలవులు ఇస్తారట. ఆ లోపు సరుకు తోలాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అన్నది అతని ఆలోచన. నేను ఏ సలహా ఇవ్వలేదు. టీచరుగా అయితే ఇచ్చేదాన్నేమో. తన లెక్క తాను బయటికి చెప్పుకుంటూ అతనే ఒక నిర్ణయానికి వచ్చాడు.

ఇక్కడ ఒక మాట దాటేయలేను. ఇలా కల్లాల్లో నిలబడగలిగే తీరిక నాకు ఒకటో తారీఖున పడే పింఛను వల్ల వచ్చింది. 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరినవాళ్లు కాంట్రిబ్యూటరీ పింఛను పథకం (సీపీఎస్) కిందికి వెళ్లారు, వాళ్లకు ఈ భరోసా ఇదే రూపంలో లేదు. ప్రైవేటు బళ్లలో జీవితమంతా పాఠాలు చెప్పినవాళ్ల సంగతి ఇంకా కష్టం. నరసరావుపేట నిండా అలాంటి బళ్లే. అక్కడ చాలామంది శాలువా లేకుండా, సభ లేకుండా, ఒక వేసవి సెలవుల తర్వాత మళ్లీ పిలుపు రాకపోవడంతో ఆగిపోతారు. వాళ్లలో ఒకరు ఇప్పుడు మా వీధిలోనే ట్యూషన్లు చెప్తున్నారు, ఆరోగ్యం సరిగా లేకపోయినా. రిటైరయ్యాక చిన్న చిన్న సంతోషాలు అందరికీ ఉచితంగా దొరుకుతాయని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను. అవి దొరకాలంటే ముందు కడుపు నిండాలి, మందులకు డబ్బుండాలి.

మళ్లీ నా పాఠాలకొస్తే, నాగార్జునసాగర్ కాలవ సంగతి కూడా పుస్తకంలోంచే చెప్పేదాన్ని. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ నీటి విడుదల, కుడి కాలవకు జవహర్ కాలవ అని పేరు. పిల్లలు బట్టీ పట్టేవారు, మార్కులు వచ్చేవి. కాలవ రాకముందు ఏం తినేవాళ్లు, ఎట్లా ఉండేదని గురజాల దగ్గర ఒక పెద్దాయనను ఈమధ్య అడిగాను. కొర్రలు, జొన్నలు, వరిగల పేర్లు చెప్పాడు. వరి అన్నం పండగనాడు, జ్వరమొచ్చినప్పుడు అన్నాడు. కాలవ నీళ్లు మొదటిసారి వచ్చిన రోజు ఊళ్లో ఆడవాళ్లు పసుపు కుంకుమలు వేశారట. మరి ఆయన? "ఈత రాదు గదమ్మా, గట్టు మీద నిలబడి భయపడ్డా. అన్ని నీళ్లు ఒక్కసారి ఏనాడూ చూడలా." ఆ భయం ఏ పాఠంలోనూ లేదు.

పల్నాటి యుద్ధం మాటకొస్తే, మన దగ్గర అడగడం ఎంత తక్కువో నాకు బాగా అర్థమైంది అక్కడే. శ్రీనాథుడి పల్నాటి వీరచరిత్ర ద్విపద కావ్యం మనకు అచ్చు పుస్తకంగా ఉంది. అదికాక, వీరవిద్యావంతులు తరతరాలుగా నోటితో పాడుతూ వస్తున్న కథ ఒకటి ఉంది. జీన్ రాఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు 1970లలో ఇక్కడికి వచ్చి, అలిశెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడిన కథను రికార్డు చేసి, ఇంగ్లీషులోకి అనువదించి 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకంగా తెచ్చాడు. అంత దూరం నుంచి వచ్చినవాడు కూర్చుని విన్నాడు. ఆ కథ పుట్టిన నేల మీద నేను బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, కారెంపూడి రణం అని ఒక్క పీరియడ్లో ముగించి తరువాతి పాఠానికి వెళ్లేదాన్ని. పిల్లల్లో ఒకరి తాతైనా ఆ కథ పాడేవాడు కావచ్చు. మీ ఇంట్లో ఎవరైనా పాడతారా అన్న ప్రశ్నకు సిలబస్‌లో చోటు లేదు. ఉండాలి. పల్నాడు బళ్లలో పిల్లలు ఏడాదికి ఒక్కసారైనా ఊళ్లో ఒక పెద్దమనిషి దగ్గర కూర్చుని విన్నది రాసుకొచ్చి క్లాసులో చదవాలని నా కోరిక. దానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, ఒక టీచరు అనుకుంటే చాలు.

కార్తీక అమావాస్యకు కారెంపూడిలో వీరుల ఆరాధనోత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, అయిదు రోజులు. నాగులేటి ఒడ్డున కొణతాలు, అంటే వీరుల ఆయుధాలు, కడుగుతారు. మందపోరు నాడు అన్ని కులాలవాళ్లూ కలిసి చాపకూడు తింటారు. ఆ రోజులు బడి పనిదినాలు కావడంతో నేను ఎప్పుడూ పూర్తిగా చూసింది లేదు. ఈసారి అయిదు రోజులూ అక్కడే ఉండాలని ఒక గది మాట్లాడుకున్నాను. ఎదురింటి అక్క కూడా వస్తానంది, రొట్టెలు మూట కడతానంది.

పాడేవాళ్లను అడగాల్సినవి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. ఈ కథ మీకు ఎవరు నేర్పారు? మొత్తం పాడాలంటే ఎన్ని రాత్రులు పడుతుంది? బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు తల్లి దగ్గర సెలవు తీసుకునే చోట మీ గొంతు ఎట్లా నిలుస్తుంది? చివర్లో ఇంకొకటి రాశాను. మీ పిల్లల్లో ఎవరైనా నేర్చుకుంటున్నారా? దానికి జవాబు వినాలంటే నాకు కొంచెం భయంగా ఉంది. అందుకే అక్కడికి వెళ్లగానే మొదట అదే అడుగుతాను.