పటములోని బాణము, కడలిలోని ప్రవాహము

పాఠశాల పటములలో బంగాళాఖాతమున తరచు ఒక బాణము కనిపించును. అది ఏ నెలలోని ప్రవాహము? ఎంత లోతున పారు నీరు? ఏ సాధనముతో కొలిచిరి? పటము చెప్పదు. మన తూర్పు తీరప్రవాహము ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు ఉత్తరముగా పారి, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు దక్షిణముగా పారును. ఇట్టి ప్రవాహమునకు ఒకే బాణము గీయుట పొరపాటు.

ఇప్పుడు బాణముల చోట ఉపగ్రహముల రంగుల చిత్రములు తరగతులలోనికి వచ్చినవి. అవి ముచ్చటగానే ఉన్నవి గాని, పాత తప్పు వేరొక రూపమున మిగిలినది. "ఉపగ్రహము ప్రవాహమును చూచినది" అని వాటి క్రింద వ్రాయుచున్నారు. నిజమునకు అది కొలుచునది సముద్రమట్టపు ఎత్తు. ఉత్తరార్ధగోళమున గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగు సుడి నడుమ నీరు కొన్ని సెంటీమీటర్లు పల్లముగాను, ముల్లువలె తిరుగు సుడి నడుమ మిట్టగాను ఉండును. ఆ వాలును, భూభ్రమణమును బట్టి వేగమును గణింతురు. 1992లో ప్రయోగించిన టోపెక్స్-పొసైడాన్ ఒక్కొక్క దారికి 10 దినములకొకసారి వచ్చెడిది. భూమధ్యరేఖ వద్ద పక్కపక్క దారుల నడుమ దూరము సుమారు 315 కిలోమీటర్లు. నూరు కిలోమీటర్ల సుడి ఆ సందులో హాయిగా దాగగలదు! 2022 డిసెంబరులో వెళ్ళిన స్వాట్ సుమారు 120 కిలోమీటర్ల వెడల్పును చూచునట్లు నిర్మింపబడినది. కాని దాని దారుల చక్రము పూర్తియగుటకు 21 దినములు పట్టును. ఈ అంకెలు చిత్రము క్రింద వేసినచో విద్యార్థి తానే ప్రశ్నలు అడుగును.

తీరపు రాడారుకు జరిగిన అన్యాయము ఇంకను పెద్దది. "రాడారు ప్రవాహమును కొలుచును" అని ఒక్క వాక్యముతో దాటివేయుదురు. అందులోని యుక్తి ఎంత చక్కనిది! న్యూజిలాండు శాస్త్రజ్ఞుడు క్రోంబీ 13.56 మెగాహెర్ట్జ్ రేడియో తరంగములు సముద్రమునుండి తిరిగివచ్చు తీరును పరిశీలించి 1955లో ప్రకటించెను. ఆ తరంగదైర్ఘ్యము సుమారు 22 మీటర్లు. అందులో సగము, అనగా 11 మీటర్ల పొడవుగల అలలే వాటిని బలముగా వెనుకకు పంపుచున్నవి. లోతైన నీటిలో అట్టి అల సెకనుకు సుమారు 4.15 మీటర్లు నడచునని గణితము చెప్పును. రాడారునకు తోచిన వేగము అంతకు భిన్నమైనచో, ఆ తేడా అలను మోయుచున్న ప్రవాహము వలన కలిగినది. ఈతగాని వేగము తెలిసినవాడు గట్టున నిలిచి కాలువనీటి వేగమును పట్టినట్లే ఇది. అయితే ఒక రాడారునకు తనవైపు వచ్చు, తననుండి పోవు వేగమే తెలియును. అడ్డముగా పారునది తెలియదు. కనుక రెండు చోట్లనుండి ఒకే నీటిని చూడవలెను. అప్పటికిని దొరకునది పై ఒకటి రెండు మీటర్ల నీటి కదలికయే.

అడుగునీరు పైకి వచ్చుట, అనగా జలోత్థానము, విషయమున ఈ పరిమితిని మరువరాదు. నైరుతి గాలి విశాఖ తీరము వెంబడి వీచునపుడు భూభ్రమణము వలన పైనీరు గాలికి కుడివైపునకు, అనగా తీరమునకు దూరముగా, తొలగును. ఆ చోటికి అడుగునుండి చల్లని నీరు పోషకలవణములతో వచ్చును. వాటివలన ప్లవకములు, ప్లవకములవలన చేపలు వృద్ధియగును. 1950 దశకములో ఆంధ్ర విశ్వవిద్యాలయమున పనిచేసిన అమెరికా శాస్త్రజ్ఞుడు లాఫాండ్ వాల్తేరు సముద్రమున దీనిని అధ్యయనము చేసెను. అందుకు లోతులలోని ఉష్ణోగ్రత కావలెను. ఉపగ్రహపు పరారుణ నేత్రమునకు అందునది పైపొర ఉష్ణోగ్రత మాత్రమే. మేఘములు కమ్మినచో అదియు అందదు. నైరుతి ఋతువు మేఘముల ఋతువే గదా! మరియు నదుల మంచినీరు పైన మూతవలె పరచుకొన్నచోట చల్లని నీరు ఆ మూత క్రిందనే నిలిచిపోవచ్చును. అప్పుడు చిత్రములో కనిపించునది వెచ్చని ఎరుపే.

హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము ఉపగ్రహములు చూపు ఉష్ణోగ్రతను, నీటిలోని పత్రహరితమును బట్టి జాలరులకు చేపల తావులను సూచించును. మబ్బు దట్టముగా పట్టిన దినములలో ఆ సూచన అందకపోవుట జాలరులకు అనుభవమే. తరగతిలో చూపు చిత్రమున మాత్రము మబ్బు ఎన్నడును ఉండదు.